వేలమునకు రాని సొత్తు

2025 మే 7వ తేదీని హాంకాంగు నగరమున సాత్‌బీ కంపెనీవారి వేలపుశాలలో నొక వేలము జరుగవలసియుండెను. అమ్మకమునకు సిద్ధపరచినవి ముత్యములు, పగడములు, స్ఫటికములు, బంగారురేకులు, పూవులవలె చెక్కిన రంగురాళ్ళు. మొత్తము మూడువందలకు పైబడినవి. అన్నియు చిన్నచిన్న వస్తువులే. వాని చరిత్ర నెరుగని నగలవర్తకుడు పెదవి విరిచి ప్రక్కకు నెట్టదగిన పూసలు. అయినను వానికి దాదాపు పదికోట్ల హాంకాంగు డాలర్లు పలుకునని అంచనా వేయబడెను. కారణమేమన, అవి బుద్ధభగవానుని అస్థులతోగూడ నొకే రాతిపెట్టెలో భక్తులు భద్రపరచిన కానుకలు.

ఆ పెట్టె వెలువడినది 1898లో. నేపాళపు సరిహద్దునకు చేరువగా, నేటి ఉత్తరప్రదేశములోని పిప్రాహ్వా గ్రామమున, విలియం క్లాక్‌స్టన్ పెప్పీ యను ఎస్టేటు దొర యొక యిటుకల దిబ్బను త్రవ్వించెను. ఒకే శిలను తొలిచి చేసిన పెద్ద పెట్టె బయటపడెను. అందు రాతిభరిణెలు, చేప యాకారము గల పిడితో నొక స్ఫటికపాత్ర, వానిలో అస్థులు, భస్మము, రత్నములు. ఒక భరిణెమీది బ్రాహ్మీలిపి శాసనము అవి శాక్యవంశీయులు నిక్షేపించిన బుద్ధధాతువులని తెలుపుచున్నది. నాటి ఆంగ్ల ప్రభుత్వమువారు అస్థులను సయాము రాజునకు కానుకగా నిచ్చిరి. రత్నములలో నధికభాగము కలకత్తా మ్యూజియమునకు చేరెను. ఒకదాని నొకటి పోలియున్నవానిలో కొంతభాగమును పెప్పీ దొర తనయొద్ద నుంచుకొనుటకు అనుమతి లభించెను. ఆ భాగమే మూడుతరములు గడచినపిమ్మట అంగడి కెక్కినది.

వేలమునకు రెండుదినములు ముందుగా, మే 5వ తేదీని, భారత ప్రభుత్వ సంస్కృతిశాఖవారు కంపెనీకిని, వారసులకును లీగలు నోటీసు నిచ్చిరి. బౌద్ధదేశములనుండియు, పండితులనుండియు నిరసనలు వెలువడెను. వేలము నిలిచిపోయెను. జులై 30వ తేదీని ఆ రత్నములు 127 సంవత్సరముల తరువాత స్వదేశమునకు వచ్చినవని ప్రకటింపబడెను. అయితే వచ్చినవిధము గమనింపదగినది. గోద్రెజ్ సంస్థవారు వానిని వెలయిచ్చి కొనిరి. ఆ వెల యెంతయో బహిరంగము చేయబడలేదు.

దేశము సంతోషించెను, మేమును సంతోషించితిమి. కొని తెచ్చినవారి యౌదార్యమును తక్కువచేసి మాటాడుట మా యుద్దేశము కాదు. కాని సంతోషము చల్లారినపిమ్మట నొక ప్రశ్న మిగులుచున్నది. అమ్ముటకు మీకు హక్కు లేదని నోటీసులో వ్రాసి, తుదకు మనవారే వెల చెల్లించి కొనినపుడు, గెలిచినది మన న్యాయమా, మన డబ్బుసంచియా?

న్యాయవాదవృత్తిలో నున్నవారికి వేలము క్రొత్త కాదు. "ఒకటోసారి, రెండోసారి" యని పిలిచి, మూడవసారి సుత్తె దిగినతోడనే బేరము ముగియును. మనదేశమునందు 1930వ సంవత్సరపు వస్తువిక్రయశాసనము 64వ సెక్షను చెప్పునది యిదియే. కాని అదే శాసనములో 27వ సెక్షను కలదు. అమ్మువానికి లేని హక్కు కొనువానికి సామాన్యముగా సంక్రమింపదని దాని సారాంశము. సుత్తె వెలను తేల్చును, హక్కును పుట్టింపజాలదు. ఈ నియమము అన్నిదేశములలో నొకేవిధముగా లేదు. ఇంగ్లండులోనే, బహిరంగపు బజారులో పగటివేళ మంచినమ్మకముతో కొనినవానికి దొంగసొత్తుమీదను హక్కు కలుగునను వింత సంప్రదాయము 1994వ సంవత్సరపు శాసనముతో గాని తొలగలేదు. యూరపుఖండములోని పలుదేశములు నేటికిని అమాయకముగా కొనినవానిని మిక్కిలిగా రక్షించుచున్నవి. దొంగలు వస్తువును దేశమునుండి దేశమునకు త్రిప్పుటలోని రహస్య మిదియే. నాలుగు చేతులు మారి, రెండు వేలముల పట్టికల కెక్కి, ఒక ప్రదర్శనమునందు నిలిచినపిమ్మట దొంగసొత్తునకును పెద్దమనిషితనము వచ్చును.

మన కోర్టువేలములనుగూర్చి యొకమాట. డిక్రీ పుట్టి, జప్తు జరిగి, దండోరా వేయించి ఋణస్థుని సొత్తును పాటకు పెట్టుట పాఠకులలో పలువురు చూచియుందురు. న్యాయస్థానపు వేలముకంటె కఠినమైన వేలము లేదు. ఆ కఠినశాసనమే కొన్నింటిని ముట్టరాదని గీత గీసినది. 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను ప్రకారము ఋణస్థుని కుటుంబపు కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు జప్తు చేయరాదు. చేతిపనివాని పనిముట్లు తీసికొనిపోరాదు. మతాచారమునుబట్టి స్త్రీ విడువరాని యాభరణములు వేలమునకు రావు. అప్పులో మునిగిన యిల్లాలి మెడలోని మంగళసూత్రమునకు శాసన మిచ్చిన గౌరవమును, ఒక జాతి ధాతునిక్షేపమునకు ప్రపంచపు బజారు ఈయకున్నది.

ఇందువలన మేము వేలములకు శత్రువులమని గాని, పాతవస్తువులను సేకరించువారిపై మాకు కినుక కలదని గాని పాఠకులు తలపరాదు. అమ్మకముకొరకే పుట్టిన వస్తువు లున్నవి. తపాలబిళ్ళలు, మేజాకుర్చీలు, గడియారములు, చిత్రకారుడు తానే వెలకట్టి యిచ్చిన పటములు, చేతులు మారుటయే స్వభావముగాగల నాణెములు మొదలగునవి. చట్టమునకు లోబడి వీనిని కొనువారు కొందురు, అమ్మువారు అమ్ముదురు. నాణెములు సేకరించువారు చరిత్రకు చేసిన సేవ యల్పము కాదు.

రెండవ తరగతి వస్తువులు మహాపురుషుల వాడుకసామగ్రి. ఇచట చిక్కు మొదలగును. 2009 మార్చిలో న్యూయార్కు నగరమున గాంధీమహాత్ముని కళ్ళజోడు, జేబుగడియారము, చెప్పులు, పళ్ళెము, గిన్నె వేలమునకు వచ్చినవి. తనకంటూ ఏమియు మిగుల్చుకొనరాదని జీవించినవాని సామగ్రికి 18 లక్షల డాలర్లు పలికినవి. కొనిన యాతడు విజయ్ మల్యా, మద్యవ్యాపారి. కల్లంగళ్ళముందు స్త్రీలను సహితము పికెటింగునకు నిలిపిన మహాత్ముని కళ్ళజోడును మద్యపు లాభము విడిపించెను. విధి యింతకన్న ఎగతాళి చేయగలదా? 2012లో ఆయన నేలకొరిగిన తావుదని చెప్పబడిన చిటికెడు మన్ను, కొన్ని గడ్డిపోచలు ఇంగ్లండులో 10,000 పౌనులకు అమ్ముడుపోయినవి. 2020లో బ్రిస్టలునందు ఒక వేలపుశాల యుత్తరాలపెట్టెలో ఎవరో పడవేసిపోయిన ఆయన కళ్ళజోడు 2,60,000 పౌనులకు పోయినది. ఇవి దొంగసొత్తులని మేము చెప్పజాలము. ఆయన తనచేతులతో మిత్రుల కిచ్చినవి యనేకములు. ఇచ్చినవస్తువు పుచ్చుకొనినవానిదే. ఇట్టివానిలో చరిత్రకు ముఖ్యమైనవానిని ముందుగానే సంప్రతించి కొనుట వివేకము. 2012లో గాంధీ కాలెన్‌బాకుల కాగితములను వేలమునకు రాకమునుపే భారత ప్రభుత్వము కొనినది సరియైన పని. తక్కినవానికి పోటీపడి పాట పెంచుట, రేపటి యమ్మకమునకు మనమే సంచకరు విచ్చుట.

మూడవ తరగతి వేరు. దేవతామూర్తులు, ధాతువులు, స్తూపశిలలు, శాసనములు ఎవ్వరును ఎవ్వరికిని అమ్ముటకు చేసినవి కావు. ఇచ్చినవాడు భగవంతునికో, సంఘమునకో యిచ్చెను. మరల తీసికొను హక్కును తనకు గూడ మిగుల్చుకొనలేదు. పిప్రాహ్వా వ్యవహారములో కొందరు, "ఇవి అస్థులు కావు, రత్నములే కదా" యని వాదించిరి. ఆ వాదమునకు బదులు మన తెలుగుగడ్డపైననే యున్నది. కృష్ణానదీముఖమునకు చేరువనున్న భట్టిప్రోలు స్తూపములో 1892లో అలెగ్జాండరు రీ దొర రాతికరండములను కనుగొనెను. లోపల స్ఫటికపు భరిణె, అందు అస్థిశకలము. దానితోనే బంగారుపూవులు, ముత్యములు, పూసలు. రాతిమీద కుబీరకుడను రాజు పేరును, దానమిచ్చిన గోష్ఠులలోని సామాన్యుల పేర్లును చెక్కబడియున్నవి. ఆ పూస ఒక గృహస్థుని నమస్కారము. అస్థిని, దానిపై నుంచిన పూవును వేరుచేసి, అస్థి పూజ్యము, పూవు సరకు అని పలుకుట గర్భగుడిలోని మూర్తిని విడిచి మూర్తి కిరీటమును తూచి అమ్మునట్టిది.

మరియొక యాక్షేపణ కలదు. దానిని దాచుట న్యాయము కాదు. "మీరు కాపాడుకొనలేదు, మేము కాపాడితిమి" అని విదేశీయు లనుచున్నారు. అమరావతికథ తలంచినపుడు మనము తలవంపక తప్పదు. 1797లో మెకంజీ దొర చూచి, 1816లో మరల వచ్చునాటికి ఆ మహాస్తూపపు శిలలు ఎన్నో కట్టడములలోనికి పోయినవి. పాలరాతివలె మెరయు పలకలు సున్నపుబట్టీలలో కాలిపోయినవి. కాల్చినవారు పరదేశీయులు కారు. నేడు నూటికి పైబడిన అమరావతి శిలలు లండను బ్రిటిషు మ్యూజియములో నున్నవి. అచట నుండుటచే మిగిలినవనువారి మాటలో కొంత నిజమును కలదు. నేటికిని గుప్తనిధులపిచ్చి పట్టి, లంకెబిందెలు దొరకునని పాడుగుళ్ళలోని నందులను పగులగొట్టువారు మన పల్లెలలో నున్నారు. అయినను పొరుగింటివాడు తలుపు వేసికొనుట మరచెనని యతని బిందెను దాచియుంచినవాడు మిత్రుడు. దానిని సంతలో పెట్టినవాడు వర్తకుడు. దాచుటలోని పుణ్యము అమ్ముటతో హరించును.

ఇక శాసనముల బలమెంత? 1878వ సంవత్సరపు నిక్షేపశాసనము భూమిలో దొరకిన పదిరూపాయలకు మించిన సొత్తును కలెక్టరునకు తెలుపవలెనని విధించినది. 1947లో పురావస్తువుల ఎగుమతిని అదుపుచేయు శాసనము పుట్టినది. 1972వ సంవత్సరపు పురావస్తు కళానిధుల శాసనము 1976లో అమలునకు వచ్చినది. నూరేండ్ల ప్రాయముగల వస్తువును, 75 ఏండ్ల వ్రాతప్రతిని ప్రభుత్వము తప్ప నన్యులు దేశము దాటింపరాదు. దాటించినవానికి ఆరునెలలు మొదలు మూడేండ్లవరకు శిక్ష. 1970లో యునెస్కోవారి యొడంబడిక యేర్పడినది. మనదేశము 1977లో దాని నంగీకరించినది. కాని ఆ యొడంబడిక వెనుకటి కాలమునకు వర్తింపదు. మ్యూజియమునుండి గాని, గుడినుండి గాని దొంగిలబడిన వస్తువును మరల కోరునపుడు, అది యా స్థలపు జాబితాలో నున్నట్లు ఋజువు చూపవలెను. అమాయకముగా కొనినవానికి న్యాయమైన పరిహారము నీయవలెను. పరదేశపు పాలనలో 1898లో చేతులు మారిన పిప్రాహ్వా రత్నములకు ఈ యొడంబడిక యొక్కటియే యాధారమైనచో కార్యము తేలికగా సాగియుండదు. నోటీసు వేలము నాపినది. సొత్తును తెచ్చినది వెల. దీనిని విజయమనుకొని యూరకుండుట మనలను మనమే మోసపుచ్చుకొనుట. బెదరింపగానే కొనువాడు సిద్ధముగా నుండునని తెలిసినచో రేపు మరియొక వారసుడు మరియొక పెట్టె తెరచును.

వెల యీయక గెలిచిన వ్యాజ్యములు మనకు లేకపోలేదు. 1976లో తంజావూరుసీమ పత్తూరులో పాడుబడిన శివాలయమువద్ద ఒక కూలివాని గడ్డపారకు నటరాజవిగ్రహము తగిలినది. అది చేతులు మారి లండను చేరి, 1982లో ఒక కెనడా కంపెనీచే కొనబడినది. పోలీసులు పట్టుకొనిరి. గోడలు కూలిన యా గుడియే వాదియై లండను న్యాయస్థానమున నిలిచినది. దేవుడు శాసనదృష్టిలో వ్యక్తియని మన ధర్మశాస్త్రము చెప్పుమాటను 1925లోనే ప్రీవీకౌన్సిలు మన్నించియుండెను. పూజలేని గుడికిని హక్కు చావదని 1988లో తీర్పు వచ్చినది. అప్పీలు కోర్టు దానిని స్థిరపరచినది. 1991లో నటరాజు తిరిగివచ్చెను. గెలిపించినది వాగ్ధాటి కాదు. అదేచోట దొరకిన తక్కిన విగ్రహములతో పోలిక, అంటిన మట్టి, నేలలోని గుంట. సాక్ష్యము!

మన గుండ్లకమ్మ యొడ్డున చందవరమను బౌద్ధక్షేత్రము కలదు. అచటి సున్నపురాతి శిల్పము, బుద్ధుని నారాధించు భక్తుల రూపము, దొంగలపాలై, 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు అమ్ముడుపోయినది. అది ఇచట నున్నప్పటి ఛాయాచిత్ర మొకటి బయటపడుటతో కొనినవారికి మారుపలుక వీలులేకపోయెను. 2016లో ఆ శిల్పమును మనకు తిరిగి యిచ్చిరి. ఒక్క ఛాయాచిత్రము! వేలకొలది మైళ్ళ యవతల రాతిని కదల్చినది అరచేతిలో నిమిడెడు కాగితము. తమిళదేశములో ఇట్టి విగ్రహములు పెక్కు గుర్తింపబడుటకు పుదుచ్చేరిలోని ఫ్రెంచి విద్యాసంస్థవారు 1956నుండి గుడిగుడికి తిరిగి తీయించిన చిత్రములే యాధారము. ఫ్రెంచివారు తీసిరి, మనవారు తీయలేదు.

ఈ విషయమున ప్రభుత్వశాఖల తీరు ఎట్లున్నది? 2013లో కంప్ట్రోలరు ఆడిటరు జనరలు ఇచ్చిన నివేదికను చదివినవారికి మనస్తాపము కలుగక మానదు. పరిశీలింపబడిన 1,655 రక్షితకట్టడములలో 92 కానరాలేదనియు, విదేశపు పెద్ద వేలపుశాలలలో అమ్మకమునకు వచ్చు భారతీయ పురావస్తువులను గూర్చి పురావస్తుశాఖ సమాచారము సేకరింపనేలేదనియు, అందుకు శాసనములో స్పష్టమైన నిబంధన లేకపోవుటయే కారణమని చెప్పబడినదనియు అందు వ్రాయబడినది. కానరానివానిలో కొన్ని పిమ్మట దొరకినవట. సంతోషమే. కాని తన బిందె సంతలో నున్నదేమో పోయి చూచుటకు శాసనము వలయునా?

కావున మా సూచనలు. మొదటిది, విదేశములలో అచ్చగు ప్రతి వేలపుపట్టికను వేలమునకు ముందే చదివి, మన జాబితాతో సరిపోల్చుటకు నియతమైన యుద్యోగివర్గము నుండవలెను. రెండుదినములు ముందుగా మేల్కొనుట చాలదు. రెండవది, రక్షితవస్తువుల ఛాయాచిత్రములను బీరువాలలో దాచక అందరును చూచునట్లు ప్రకటింపవలెను. లోకమంతయు గుర్తెరిగిన విగ్రహమును కొనుటకు దొంగయైనను జంకును. మూడవది, ఎపుడు వెల యిచ్చి కొనవచ్చును, ఎపుడు కొనరాదు అను నీతిని పార్లమెంటు చర్చించి నిర్ణయింపవలెను. ఇది ఒక్కొక్క ధనికుని యౌదార్యముపై వదలదగిన విషయము కాదు.

అన్నియు ప్రభుత్వమే చేయవలెనని కూర్చుండుట మనకు తగదు. స్వాతంత్ర్యమునకు పూర్వమే ఊరూర గ్రంథాలయములు నిలిపిన జాతి మనది. ఏ సర్కారు ఉత్తరువును మన కందులకు అవసరము కాలేదు. ఈ పత్రికను చదువు ప్రతి పఠనమందిరములోను ఒక దళసరి పుస్తకము నుంచుడు. మీ యూరి గుడిలోని మూర్తులు, చెరువుగట్టుమీది వీరగల్లు, చేలో పడియున్న శాసనపురాయి, కరణముగారి యటకమీది తాటాకుప్రతులు, రాగిరేకులు, ఒక్కొక్కటిగా అందు వ్రాయుడు. ఎత్తెంత, వెడల్పెంత, ఎచట నున్నది, ఏ తేదీని చూచితిరి. ముందునుండి, ప్రక్కలనుండి చిత్రము తీయుడు. నేడు ప్రతియువకుని జేబులోను ఛాయాయంత్రము కలదు. విరిగిన వ్రేలును, చెక్కుపోయిన ముక్కును విడువక గుర్తింపుడు. దొంగ రూపమును మార్చవచ్చును గాని పాతవిరుపును మాన్పలేడు. ఒక ప్రతి దేవాదాయశాఖకు, ఒకటి పురావస్తుశాఖకు పంపి, అందినట్లు రసీదు పుచ్చుకొనుడు. పొలములో నాగలికి ఏమి తగిలినను కలెక్టరునకు తెలుపుడు. శాసనప్రకారము తెలిపినవానికి భాగ మున్నది. దాచినవానికి భాగమును పోవును, శిక్షయు పడును.

వేలపుశాలకు మనము మూడువిధములుగా పోవచ్చును. ఏడ్చుచు పోవచ్చును, సంచి పట్టుకొని పోవచ్చును, పుస్తకము పట్టుకొని పోవచ్చును. ఏడ్పును ఎవ్వరును వినరు. సంచి యెంత పెద్దదైన, దానికి మించిన సంచి మరియొకనికి కలదు. పుస్తకము తెరచి, "ఇదిగో, ఈ తేదీని ఇది మా యూరిలో ఈ తావున నున్నది, దీనిని మేము ఎవ్వరికిని అమ్మలేదు" అని వ్రేలు చూపినవాని యెదుట సుత్తె దానంతట నదియే దిగిపోవును. ఆ పుస్తకములోని మొదటిపుట ఈ వారమే వ్రాయుడు.